చెట్టుకి ఫ్లాట్ నంబరు లేదు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టగానే సింహం ఎక్కడ, గుహ ఎక్కడ అని వెతక్కండి. ఈ కథలో సింహం శాలువా పంపడానికి తప్ప దేనికీ పనికిరాదు. అంత అడవిలోనూ మనకి కావలసింది ఒకే ఒక్క చెట్టు.

మద్దిచెట్టు. దాని మాను చుట్టూ తిరిగి రావాలంటే తాబేలుకి ఒక పూట పట్టేది. వేళ్ళ మధ్య బొరియలు, మాను నిండా తొర్రలు, కొమ్మకొమ్మకీ గూళ్ళు. పేరు మద్దిమాను అపార్ట్‌మెంట్స్. పేరుంది కాబట్టి అసోసియేషనుంది, అసోసియేషనుంది కాబట్టి గొడవలున్నాయి.

ప్రెసిడెంటు ఎలుగుబంటి పేర్రాజు. మీటింగులో నిద్రపోవడం తప్ప ఎవరికీ ఏ అపకారమూ చేసి ఎరగడు. సెక్రటరీ కొంగ ధవళేశ్వర్రావు. "ఏళ్ళ తరబడి చెరువులో ఒంటికాలి మీద నిలబడ్డవాణ్ణి, నీళ్ళ సంగతి నాకు చెబుతారా?" అనేవాడు. నిలబడింది చేపల కోసమని అందరికీ తెలుసు. పెద్దమనిషిని పట్టుకుని ఎవరంటారు?

మూడో కొమ్మ తొర్రలో ఉడత వరాలు ఉండేది. మొగుడి పేరు సింహాద్రి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఏ ధైర్యంతో పెట్టారో గానీ, సింహాద్రి జన్మంతా మీటింగుల్లో చెయ్యెత్తడంతోనే గడిచిపోయింది. ఏ తీర్మానానికైనా ముందు లేచే చెయ్యి వాడిదే. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. పుట్టి ఇంకా కళ్ళు తెరవలేదు. కళ్ళు తెరిచి, కాళ్ళలో బలం వచ్చేదాకా ఆ తొర్రే వరాలుకి లోకం. ఎండాకాలం ఎలాగోలా ఆ తొర్రలో దాటించేస్తే చాలని ఆవిడ రోజూ కనపడ్డ ప్రతి దేవుడికీ దణ్ణం పెట్టుకునేది.

నీళ్ళు తెచ్చేవాడు ఏనుగు పోలయ్య. దూరాన ఉన్న వాగులోంచి కడుపు నిండా పీల్చుకొచ్చి, పక్కనున్న బండరాయి ఎక్కి, తొండమెత్తి, పై పంగలో ఉన్న పెద్ద తొర్రలోకి చిమ్మేవాడు. అదే ట్యాంకు. అక్కణ్ణించి వెదురు గొట్టాల్లో ఇంటింటికీ వచ్చేవి. పోలయ్యకి కూలి వెలక్కాయలు. ఫ్లాట్లన్నీ సమానంగా వేసుకుని ఇచ్చేవి.

పోలయ్యకి ఒక అలవాటుంది. మొదటి తొండం నీళ్ళు చెట్టు మొదట్లో ఉన్న పాదులో పోసేవాడు. ఆ తర్వాతే ట్యాంకు. వాళ్ళ తాత అలాగే పోశాడట, నాన్న అలాగే పోశాడట. ఎందుకని వాడూ అడగలేదు, వీళ్ళూ అడగలేదు.

ఆ ఏడు వాగు ఇంకా దూరం జరిగింది. పోలయ్య వెలక్కాయలు పెంచాడు. అసోసియేషన్ గుండె గుభేలుమంది.

"మూడు పూటలా స్నానాలు చేసేవాళ్ళున్నారిక్కడ!" అంది కింది బొరియ కుందేలు, పైకి చూస్తూ.

"నన్నేనా అంటున్నావు?" అన్నాడు కొండముచ్చు కోటిలింగం, తోకలోంచి నీళ్ళు పిండుకుంటూ. "చేస్తాను. చెయ్యకపోతే మాత్రం నా వాటా తగ్గిస్తారేంటి? ఇచ్చే వెలక్కాయలు ఎలాగూ ఇస్తున్నప్పుడు నేనెందుకు మురికితో ఉండాలి?"

అక్కడున్నవాళ్ళందరికీ అది నిజమే అనిపించింది. ఎందుకంటే అందరూ అదే చేస్తున్నారు.

ధవళేశ్వర్రావు ఒంటికాలి మీదికి మారాడు. అంటే ఉపన్యాసం వస్తోందని గుర్తు. "ఇక మీదట ఎవరు వాడినదానికి వాళ్ళే కట్టాలి. గుమ్మం దగ్గర సొరబుర్రతో కొలిచి పోస్తాం. బుర్రకో గీత. వడ్రంగిపిట్ట వచ్చి గుమ్మం మీద ముక్కుతో గీస్తాడు. ఎన్ని గీతలుంటే అన్ని వెలక్కాయలు."

సింహాద్రి చెయ్యి లేచింది. తర్వాత అందరివీ లేచాయి. పేర్రాజు గురక కూడా అంగీకారం కిందే రాసుకున్నారు.

అబ్బ, ఏం చెప్పమంటారు! వారం తిరిగేసరికి గుమ్మాల మీద గీతల్లేవు. కోటిలింగం గుమ్మం అద్దంలా నున్నగా ఉంది. సెక్రటరీ చెట్టంతా ఎగురుతూ "పొదుపు! పొదుపు!" అని చాటాడు.

ఒక్క పోలయ్య మాత్రం రోజూ అన్నే నీళ్ళు తెచ్చాడు. తేకపోతే చాలడం లేదాయె.

కారణం వరాలుకి తెలుసు. పాదు ఉమ్మడిది. ఉమ్మడి నీళ్ళకి గీత పడదు. తెల్లారకముందే కోటిలింగం తువ్వాలు భుజాన వేసుకుని పాదులోకి దిగేవాడు. కుందేలు దుంపలు అక్కడే కడిగేది. పాదు ఎండిపోతే ఎవరో ఒకరు "పోలయ్యా, పాదులో ఇంకో తొండం" అని కేకేసేవారు. వరాలు మాత్రం తక్కువ తిందా? పిల్లల కింద పరిచిన నార రోజూ తీసుకెళ్ళి అక్కడే జాడించేది. పక్కవాళ్ళు చూస్తే, "నీళ్ళు చల్లగా ఉన్నాయా లేదా అని చూస్తున్నా వదినా" అనేది. వాళ్ళూ అదే చూడ్డానికి వచ్చేవారు.

ఈ స్నానాల నీళ్ళన్నీ ఇంకి, నడి ఎండాకాలంలో చెట్టు కొత్త చిగురు వేసింది.

నెలాఖరు మీటింగులో సెక్రటరీ ఒంటికాలి మీద నిలబడి, గొంతు సవరించుకున్నాడు. "ఫ్లాట్ల వాడకం దాదాపు సున్నా. అభినందనలు. కానీ పాదు ఖర్చు మాత్రం తాటిచెట్టంత అయింది. పాదులో నీళ్ళు ఎవరు వాడుతున్నారు?"

అందరూ నీళ్ళు నమిలారు. వాటికీ గీత పడదు కదా.

"నేనైతే పాదు మొహం చూసి నెలైంది," అన్నాడు కోటిలింగం. ఒంటి మీద ఇంకా తడి ఆరలేదు.

"నేనూ అంతే," అంది కుందేలు.

సెక్రటరీ చూపు వరాలు మీదికి వచ్చింది. "మాకు... మాకు బుర్రలో నీళ్ళే మిగిలిపోతున్నాయండీ," అంది.

"మరి ఎవరూ వాడకపోతే నీళ్ళు ఏమైనట్టు?"

కోటిలింగం అటూ ఇటూ చూసి, పైకి చూసి, ఎగిరి గంతేశాడు. "ఇంకెవరు? ఇదిగో! ఈ చెట్టు! చూడండి ఎలా బలిసిందో! ఇంత ఎండలో ఎవరికైనా చిగుళ్ళు వస్తాయా? మన నీళ్ళన్నీ తాగి కూర్చుంది!"

ఎవరి తల మీద బరువు వాళ్ళకి దిగిపోయింది. "అదీ సంగతి! ఇన్నాళ్ళూ మన కళ్ళు కప్పింది!" అని అంతా ఒక్కసారే అరిచారు.

"చెట్టుకి ఫ్లాట్ నంబరుందా?" అడిగాడు సెక్రటరీ.

"లేదు!"

"మెయింటెనెన్స్ కడుతోందా?"

"ఇన్నేళ్ళలో ఒక్క కాయ కట్టలేదు!"

"అయితే డిఫాల్టరు. నీళ్ళు కట్. పాదు పూడ్చి పైన బండలు పరుద్దాం. నడవడానికీ బాగుంటుంది."

సింహాద్రి చెయ్యి ఎప్పట్లాగే లేచింది. ఈసారి దాని పక్కనే వరాలు చెయ్యి కూడా లేచింది. నార సంగతి బయటపడకుండా పోయిందన్న సంతోషంలో ఎత్తేసింది పాపం.

మర్నాడు పోలయ్య వచ్చేసరికి పాదు లేదు. నున్నటి బండలున్నాయి.

"మొదటి తొండం ఎక్కడ పొయ్యమంటారు?" అన్నాడు.

"ఆ తొండం ఎవరి పేర రాయమంటావు, ముందది చెప్పు," అన్నాడు సెక్రటరీ.

పోలయ్య చెవులు ఆడించాడు. "నాకు మొయ్యడమొచ్చు గానీ రాయడం రాదు బాబూ," అని ట్యాంకు నింపి వెళ్ళిపోయాడు.

ఖర్చు తగ్గింది. బాగా తగ్గింది. పాదు లేదు, గీతకి భయం, కాబట్టి స్నానాలే లేవు. చెట్టంతా కంపు కొట్టింది గానీ వెలక్కాయలు మిగిలాయి. ట్యాంకు మాత్రం నిండి, అంచుల దాకా తొణికిసలాడుతూ ఉండేది. సెక్రటరీ రోజూ అందులో తన ముఖం చూసుకుని మురిసిపోయేవాడు.

తర్వాత ఆకులు రాలడం మొదలుపెట్టాయి.

"శుభం!" అన్నాడు సెక్రటరీ. "ఆకులుంటే నీళ్ళు ఆవిరైపోతాయి. చూశారా, చెట్టు కూడా మనల్ని చూసి పొదుపు నేర్చుకుంది."

నీడ పోయింది. వరాలు తొర్ర పెనంలా కాలింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఎగరొప్పుతుంటే ఆవిడ తోకతో విసిరేది, తన బుర్రలో నీళ్ళు వాళ్ళ ఒంటికి రాసేది. గుమ్మం మీద టకటకమని గీతలు పడేవి. బెరడు పొట్టు పొట్టుగా ఊడుతోంది. కొమ్మ లోపలెక్కడో కిర్రుమని మూలుగుతోంది.

"ఏవయ్యా, కొమ్మ ఎండిపోతోంది," అంది మొగుడితో. "పిల్లలతో సహా కూలుతాం. నీకు వినపడ్డం లేదా?"

"అలాంటివి ఎజెండాలో ఉంటే మాట్లాడాలే," అన్నాడు సింహాద్రి.

ఎజెండాలో లేకపోయినా వరాలు తర్వాతి మీటింగులో లేచి నిలబడింది. సిగ్గుతో తోక నేలకి అంటుకుపోయింది. "అయ్యా, పాదులో నీళ్ళు చెట్టు కాజెయ్యలేదు. మనమే వాడుకున్నాం. నేను నా పిల్లల నార రోజూ అక్కడే ఉతికాను. అబద్ధమాడాను. తప్పైపోయింది. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ బండలు తీసి చెట్టుకి నీళ్ళు పొయ్యండి. లేకపోతే నా పిల్లలు దక్కరు."

ఇప్పుడు ఒక్కొక్కరే లేచి నిజం చెబుతారని ఆవిడ ఆశగా చూసింది.

"ఆ!" అన్నాడు కోటిలింగం, గుండెల మీద చెయ్యి వేసుకుని. "ఈవిడా! ఈవిడ వల్లనా మనమంతా ఇన్ని వెలక్కాయలు కట్టింది! ముగ్గురు పిల్లల తల్లి, ఎంత అమాయకంగా ఉండేదండీ!"

"నేనప్పుడే అనుకున్నాను," అంది కుందేలు.

పాదు ఖర్చంతా వరాలు ఫ్లాటు పేర రాశారు. ఎవరైనా ఇంకేమైనా ఒప్పుకుంటారా అని సెక్రటరీ అడిగాడు. ఆవిడకి జరిగింది చూశాక ఎవరు ఒప్పుకుంటారు? జరిమానాకి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. సింహాద్రి చెయ్యి లేచింది.

వరాలు వాడికేసి చూసింది.

"అలవాటే," అన్నాడు వాడు, చెయ్యి దించుకుంటూ.

"అయితే నేను ఖాళీ చేసి పోతాను," అంది వరాలు.

"బాకీ తీర్చకుండా ఖాళీ చెయ్యడానికి రూల్సు ఒప్పుకోవు," అన్నాడు సెక్రటరీ.

ఇంతలో అసోసియేషనుకి గొప్ప కబురొచ్చింది. అడవి మొత్తంలో నీళ్ళు ఇంత తక్కువ వాడిన చెట్టు ఇంకోటి లేదట. సింహంగారి తరఫున దుప్పి దొర శాలువా పట్టుకుని వచ్చాడు. సన్మానం ట్యాంకు చుట్టూనే పెట్టారు. అంత పొదుపూ కళ్ళారా కనపడాలి కదా! పొద్దున్నే పోలయ్య చేత ఇంకో నాలుగు తొండాలు పోయించారు. ఎలుగుబంటిని తోసుకుంటూ, లాక్కుంటూ పై పంగలోకి ఎక్కించారు. చెట్టులో ఉన్న ప్రాణులన్నీ ఎండిన కొమ్మల మీద వరసగా కూర్చున్నాయి. దొర మాత్రం కిందే నిలబడి, శాలువాని కోటిలింగానికి అందించాడు.

తొర్రలో ఉన్న వరాలుకి కిర్రుమన్న మూలుగు ఈసారి దంతాల్లో వినిపించింది.

రూల్సు గీల్సు ఏమీ గుర్తు రాలేదు. పెద్దపిల్లని నోట కరుచుకుని కొమ్మ దిగి, ఎండలో పరిగెత్తి, అవతలున్న తుమ్మచెట్టు సందులో పెట్టి వచ్చింది. రెండోదాన్నీ అలాగే దాటించింది. మూడోదాని కోసం పైకి ఎక్కుతుంటే సింహాద్రి చూశాడు.

"ఏమే! సన్మానం మధ్యలో లేచి పోతే ఏం బాగుంటుంది?"

సమాధానం చెబుదామంటే అప్పటికే నోట్లో పిల్ల ఉంది. వాడి తోక మీద ఒక్క తొక్కు తొక్కి కిందికి దూకింది.

పైన ధవళేశ్వర్రావు ఒంటికాలి మీద నిలబడి, "ఈ చెట్టు మనకిచ్చిన..." అంటుండగా పేర్రాజుకి మెలకువ వచ్చింది. శాలువా కోసం ముందుకి వంగాడు.

ఫెళ్ళుమంది.

పంగ రెండుగా చీలింది. ఇన్నాళ్ళూ దాచిన నీళ్ళు ఒక్క ఊపున కిందికొచ్చాయి. ప్రెసిడెంటు వచ్చాడు, శాలువా వచ్చింది, చీలిన కొమ్మలు వచ్చాయి. కోటిలింగానికి బోలెడంత కాలం తర్వాత స్నానమైంది. రెక్కలున్నవాళ్ళు ఎగిరారు, లేనివాళ్ళు బురదలో పడ్డారు. ప్రాణాలకి ఏమీ కాలేదు. ఆ వరదకి బండలన్నీ కొట్టుకుపోయి, పాదు మళ్ళీ బయటపడి నిండా నిలిచింది. చెట్టుకి నీళ్ళు కట్ చేసిన తర్వాత అందరూ దాచిందంతా చెట్టే తాగింది.

సగం చెట్టు మోడైంది. తలా ఒక దిక్కు పోయారు. సింహాద్రి కుంటుకుంటూ తుమ్మచెట్టు కిందికొచ్చి నిలబడ్డాడు. "రావచ్చా?" అన్నాడు. "రావచ్చనుకునేవాళ్ళు చేతులెత్తండి," అంది వరాలు. ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి వాడు బయటే పడుకున్నాడు.

పోలయ్యకి ఆ చెట్టుతో పని లేకపోయినా వాగు నుంచి వెళ్ళే దారి అదే. వెళ్తూ వెళ్తూ ఒక తొండం నీళ్ళు పాదులో పోసి పోయేవాడు. కొన్నాళ్ళకి మోడు మొదట్లోంచి ఎర్రటి చిగుళ్ళు లేచాయి. వాటిని చూసి వరాలు చాలాసేపు ఏడ్చింది. ఆ ఉదయమే పిల్లలకి కళ్ళు తెరుచుకున్నాయి.

చిగుళ్ళు మోకాలెత్తు లేచేసరికి కొంగ వచ్చి వాలింది. వెనకే ఎలుగుబంటి, కొండముచ్చు.

"చూశారా మన పొదుపు ఫలితం!" అన్నాడు ధవళేశ్వర్రావు. "సరే, ఎజెండాలోకి వద్దాం. ఇక్కడ ఒక్క ఫ్లాటు లేదు, ఒక్క ఓనరు లేడు. అయినా రోజూ ఒక తొండం నీళ్ళు ఖర్చవుతున్నాయి. ఇవి ఎవరు వాడుతున్నట్టు?"

తుమ్మ సందులోంచి పెద్దపిల్ల తల బయటపెట్టింది. "అమ్మా, వాళ్ళెవరు?"

"మన పాత అసోసియేషన్ తల్లీ," అంది వరాలు, పిల్లని లోపలికి లాక్కుంటూ. "కళ్ళు తెరిచి ఇంకా పట్టుమని పది రోజులు కాలేదు. అప్పుడే అలాంటివి చూడకు."

నీతి: మెయింటెనెన్స్ కట్టనివాళ్ళకి నీళ్ళు ఆపెయ్యాల్సిందే, ఆ కట్టనిది మీరుంటున్న ఇల్లే అయినా సరే.