పటుక్కుమన్న పాట

ఆ పొద్దు జయచంద్ర వేసుకున్న పథకం చాలా సులువైంది. ఎండెక్కక ముందే వాళ్ల అవ్వ తిప్పమ్మ చేత విత్తనం పాటలు పాడించాలి, సాయంత్రంలోగా బెంగళూరుకు పంపాలి. అక్కడ పల్లెపాటలు సేకరించి దాచే సంస్థ ఒకటుంది. అందులో పనిచేసే ఆవిడ, ఇవి బాగా వస్తే తనకల్లు చుట్టుపక్కల ఊళ్ల రికార్డింగంతా నీకే ఇస్తానంది. బాగా రాకపోతే ఏమవుతుందో వాళ్ల నాయన ఓబిలేష్ ముందే చెప్పేశాడు. "ఇత్తనం మూటలు పెట్టుకునేదానికి నాకు చోటు లేదు. ఈ పని కూడా కాకపోతే నీ స్టూడియోలో మూటలేస్తా, నువ్వు నా ఎంట సేనికి రా."

స్టూడియో అంటే మరీ ఊహించుకోకండి. గింజలు పోసుకునే గదికి నాలుగు వైపులా బొంతలు కట్టి, మధ్యలో మైకు నిలబెట్టాడు. ల్యాప్‌టాప్ రొద పాటలో పడుతుందని దాన్ని గడప ఇవతల పెట్టుకున్నాడు. ఈ గదిని నమ్ముకుని కదిరిలో మొబైల్ షాపు పని మానేసి వచ్చాడు మరి. తలుపేసుకుని అవ్వ లోపల, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని జయచంద్ర బయట.

అవ్వ గొంతెత్తింది. అబ్బా, ఏం గొంతది! పళ్లు రాలినా మాట రాలలేదు, ఒక్కో పదం తూకం వేసినట్టు వచ్చి కూర్చుంటోంది. పుట్టినప్పటి నుంచి వింటున్నవాడే అయినా జయచంద్రకు ఒళ్లు ఝల్లుమంది. సరిగ్గా అప్పుడే చెవిలో 'పటుక్' మంది. కాసేపటికి మళ్లీ పటుక్. ఆపైన పటుక్, పటుక్.

ఈ రోగం డిజిటల్ రికార్డింగుకు మామూలే. లోపలికొచ్చే ధ్వనిని ల్యాప్‌టాప్ అందుకోలేకపోతే మధ్యమధ్యలో ఇలా పగుళ్లు వస్తాయి. దానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇద్దామని బఫర్ పెంచాడు. తగ్గలేదు. ధ్వనిని కొలిచే వేగం, అదే శాంపిల్ రేటు, సౌండు కార్డులో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి ఉందేమోనని రెండూ ఒకటే చేశాడు. ఊహూఁ. అడిగినప్పుడల్లా అవ్వ మొదటి నుంచి పాడింది, విసుగన్న మాటే లేకుండా. పటుకులూ మొదటి నుంచే పడ్డాయి.

తన చెవుల్లోనే ఏదైనా తేడా ఉందేమోనని వాళ్లమ్మ గంగాదేవికి హెడ్‌ఫోన్లు పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విని, ఇంత బాగుంటే చప్పుడు యాడుండాదిరా అని అడిగింది. పక్కింటి హేమావతి కూడా విని, చప్పుడూ లేదు గిప్పుడూ లేదు పొమ్మంది. ఈ ఊళ్లో ఇక ఎవరికీ పాట వినిపించకూడదని జయచంద్ర అనుకున్నాడు. కదిరిలో ఉన్న స్నేహితుడు రామాంజి బస్సు కండక్టరు చేతికిచ్చి కొత్త కేబుల్ పంపాడు. కొత్త కేబుల్లో పటుకులు ఇంకా స్పష్టంగా వినబడ్డాయి.

ఇక మిగిలింది కరెంటు. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు ఆపేసి, ఎదురింటి తిప్పేస్వామి పిండిమర దగ్గరికి పరిగెత్తాడు. "మామా, కరెంటులో గలీజు వచ్చి పాటలో పడతాండాది. రోంతసేపు మర ఆపుతావా?" అని బతిమాలాడు. తిప్పేస్వామి మంచివాడు, వెంటనే ఆపాడు. ఆపి, పిండికి వచ్చిన ఆడవాళ్లతో కరెంటులో ఏదో తేడా ఉందట అన్నాడు. వాళ్లు ఇళ్లకు పోయి టీవీలు పీకేశారు. వీధి చివరికి చేరేసరికి తేడా కాస్తా ప్రమాదమైంది. ఎవరింట్లోనో ఫ్రిజ్జు ముట్టుకుంటే జివ్వుమందన్నారు. ఎవరో లైన్‌మన్ యేసన్నకు ఫోన్ చేశారు. యేసన్న జాగ్రత్త గల మనిషి. వచ్చీరాగానే ఊరికంతా కరెంటు తీసేసి, తీగలు ఒక్కొక్కటే పట్టి చూడటం మొదలుపెట్టాడు.

మిట్టమధ్యాహ్నం, ఫ్యాను తిరిగే ఇల్లు లేదు. జనమంతా జయచంద్ర గడప ముందు చేరారు. నీ పాట అయ్యేదెప్పుడప్పా, మాకు కరెంటొచ్చేదెప్పుడని నిలదీశారు. ఓబిలేష్ ఒక మూట తెచ్చి స్టూడియో తలుపు దగ్గర దించాడు. జయచంద్రకు ఏడుపొక్కటే తక్కువ.

అయినా ఒక ఆశ మిగిలింది. ఊళ్లో కరెంటే లేదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంతకన్నా శుభ్రమైన రికార్డింగు ఎక్కడుంటుంది? అవ్వ మళ్లీ పాడింది. పటుక్. చూస్తుండగానే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. జయచంద్ర హెడ్‌ఫోన్లు పీకి పారేసి, ఇక చాలని చెప్పడానికి తలుపు తీశాడు. అవ్వ పాడుతూనే ఉంది. యంత్రం చచ్చిపోయినా పటుకులు పడుతూనే ఉన్నాయి.

అవ్వ ముందు చాట. చాటలో వేరుశనక్కాయలు. విత్తనానికి ఒలుస్తోంది, పొద్దుటి నుంచీ. ఆ చాటను జయచంద్ర చూడకపోలేదు. మైకు సర్దేటప్పుడు తన చేత్తోనే పక్కకు జరిపాడు కూడా. విత్తనాల కాలంలో ఆ ఊరి ఆడవాళ్ల చేతుల్లో కాయలుంటే ఎవరి కంటికీ ఆనవు, లేకపోతేనే ఆనుతాయి. ఆ చప్పుడూ అంతే. అందుకే హెడ్‌ఫోన్లలో విన్నా గంగాదేవికీ హేమావతికీ అది చప్పుడని తోచలేదు, జయచంద్రకేమో మిషన్ రోగమనిపించింది.

చాట లాక్కుని, ఇప్పుడు పాడమన్నాడు. అవ్వ ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకుని మొదలుపెట్టింది. మొదటి చరణం తడబడింది. రెండోదానికి గొంతు సన్నగిల్లింది. మూడోది రానే లేదు. చేతులవైపు చూసుకుంది.

"చేతులు ఊరికే ఉంటే పాటెట్ల వస్తాదప్పా? పని లేకుండా నేను యాపొద్దూ పాడింది లేదే."

జయచంద్రకు కోపం పోయి సిగ్గేసింది. గింజ పగలకుండా ఒలుస్తూ, మాట తప్పకుండా, తనకోసం ఆ ఉక్కలో అన్నిసార్లు పాడిన మనిషి. ఆమెను చూస్తే దండం పెట్టాలనిపించింది. చాట తిరిగి ఆమె ముందుంచాడు.

లోపమేదీ దొరక్క యేసన్న కరెంటిచ్చాడు. జయచంద్ర పొద్దున రికార్డు చేసిన పాటలనే పటుకులతో సహా పంపేశాడు. అది కాయలొలిచే చప్పుడని, తీస్తే పాట కూడా పోతుందని ఉన్నమాట రాశాడు. మర్నాడు తలకు తువ్వాలు చుట్టుకుని, నాయన చెప్పకముందే మూట స్టూడియోలో వేసేందుకు భుజానికెత్తుకున్నాడు.

అప్పుడొచ్చింది ఫోను. స్పీకరు నొక్కాడు. బెంగళూరావిడ సంతోషం పట్టలేకపోతోంది. పని చప్పుడుతో కలిసిన పాట దొరకడం ఎంత కష్టమో చెప్పి, మిగతా ఊళ్లలో కూడా ఇలాగే చేసి పంపమంది. ఓబిలేష్ కొడుకు భుజం మీది మూట దించి తన నెత్తికెత్తుకున్నాడు. స్టూడియో వైపు కాకుండా వరండా వైపు నడిచాడు.

"ఒక్క లోపం మాత్రం ఉందండీ," అంది ఆవిడ. "మూడో పాట మధ్యలో కాసేపు ఆ పటుకులు రాలేదు. మీ మిషన్లో ఏదో తేడా ఉన్నట్టుంది, ఒకసారి చూసుకోండి."

జయచంద్ర అవ్వ వైపు తిరిగాడు. అవ్వ కాయలు ఒలవడం ఆపకుండానే చెప్పింది.

"ఆ పాటకాడ దోమ కుట్టింటే గోక్కుంటి."