సీలు వేసిన క్యారేజీ

ఆ రోజు పొద్దున్న ఇన్‌స్పెక్టరుగారు వేసుకున్న పథకం ఆవగింజంత. బీన్సు, క్యారెట్టు, గుమ్మడికాయ ముక్కలు ఉడకబెట్టాలి, క్యారేజీలో సర్దాలి, ఆఫీసుకి పట్టుకెళ్లాలి, మధ్యాహ్నం తినాలి. ఇందులో వీధి వీధంతా ఉడికిపోయేంత సరుకు ఉందని, ఉడికే బీన్సుకే కాదు, ఉడకబెట్టే మనిషికీ తెలీదు.

ఆయన తూనికలు కొలతల శాఖలో పని చేస్తారు. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు సరిచూసి, సరిగ్గా ఉన్నవాటికి తీగ చుట్టి, ఆ తీగకి సీసపు బిళ్ల పెట్టి, పటకారుతో నొక్కి సీలు వేయడం ఆయన వృత్తి. వీధిలో అందరూ ఆయన్ని తూకంగారు అంటారు. అనేవాళ్లకి ఆయన ఉద్యోగం గుర్తొస్తుందో, ఆయన ఆకారం గుర్తొస్తుందో ఎవరూ తేల్చలేదు. ఆ మధ్య ఒక కొట్లో బస్తాలు తూచే కాటా మీద పొరపాటున ఆయనే ఎక్కి నిలబడ్డారు. ముల్లు చూపించింది చూసి మండిపడి, కాటా తప్పని నోటీసు ఇచ్చారు. పక్క కొట్లో కాటా కూడా అదే మాట అంది. దానికీ నోటీసు ఇచ్చారు. కాటాలన్నీ వరసగా కాటేస్తుంటే, బజారు చివరికి వచ్చేసరికి ఆయనకి ఒక అనుమానం వచ్చింది. ఇన్ని కాటాలు కూడబలుక్కోవడానికి వాటికి సంఘం ఏదీ లేదే అని. నోటీసులన్నీ నోరు మూసుకుని వెనక్కి తీసుకుని, ఇంటికొచ్చి, ఇకమీదట ఇంటివంటే తింటాననీ, అదీ తన చేతి వంటే తింటాననీ, అదీ ఉడకబెట్టిందే తింటాననీ ప్రకటించారు.

ప్రకటన బాగానే ఉంది. ప్రకటించిన చోటే బాగాలేదు. ఆయన భార్యది బేకరీ. కింద కొట్టు, పైన ఇల్లు. ఇంట్లోంచి వీధిలోకి పోవాలంటే మెట్లు దిగి కేకుల మధ్యలోంచే పోవాలి. ముక్కు మూసుకుని తపస్సు చేసేవాళ్లు ఎందుకు మూసుకుంటారో ఆయనకి ఆ మెట్ల మీదే అర్థమైంది.

కేకుల్నయినా దాటొచ్చు. అత్తగారిని దాటడం కష్టం. బేకరీలో పిండి కలిపేదీ, వెన్న వేసేదీ ఆవిడే. అల్లుడు చిక్కిపోతే లోకం తననే అంటుందని ఆవిడ భయం. ఆయన స్నానానికి వెళ్లి వచ్చేలోగా క్యారేజీ మూత తీసి ఒక వెన్నముద్ద జారవిడిచేది. ఒకనాడు ఆఫీసులో మూత తీయగానే బీన్సు మధ్య వెన్న వెన్నెల్లా మెరిసింది. సాయంత్రం ఆయన నిలదీశారు.

"అత్తయ్యగారూ, మీరు వేసేది వెన్న. పడేది నా వెన్ను మీద."

"వెన్నుకి వెన్న మంచిదే బాబూ," అంది ఆవిడ, పిండి పిసుకుతూనే.

మాటలతో లాభం లేదని తేలిపోయింది. మోసం అనుమానం వస్తే ఆయనకి తెలిసిన మందు ఒకటే. ఆ రోజు పొద్దున్న కూరగాయలు స్టవ్ మీద పెట్టి, ఎప్పటిలాగే అవి ఉడికేలోగా డాబా మీదకి పోయి వ్యాయామం చేసి, దిగొచ్చి, క్యారేజీలో సర్దుకున్నారు. మూత పెట్టారు. సంచీలోంచి తీగ తీసి పిడి చుట్టూ తిప్పి, సీసపు బిళ్ల పెట్టి, పటకారుతో గట్టిగా నొక్కారు. ప్రభుత్వ ముద్ర పడింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు చేతులు కొంగుకి తుడుచుకుంది. కొద్దిగా నవ్వినట్టు కూడా అనిపించింది. ఓడిపోయినవాళ్ల నవ్వు అలాగే ఉంటుందని ఆయన సరిపెట్టుకున్నారు.

మెట్లు దిగేసరికి కొట్టు కిటకిటలాడుతోంది. అందరికంటే ముందు బడి హెడ్‌మిస్ట్రెస్ నిలబడి ఉంది. ఆ సాయంత్రం బడిలో ఆటల పోటీలు. పిల్లలందరికీ కేకులు ఈ కొట్టునుంచే. ఇవి నచ్చితే ఇక ఏడాది పొడుగునా బడికి సరుకంతా ఇక్కడినుంచే పోతుంది. ఈ ఆర్డరు కోసం భార్య ఎన్నాళ్లుగానో తిరుగుతోంది. పొయ్యి తెల్లవారకముందే వెలిగించింది. కొట్టు విస్తరించాలని, పక్క గది అద్దెకి తీసుకోవాలని ఆవిడ కలలన్నీ ఆ కేకుల్లోనే పొంగుతున్నాయి.

అంతమంది మధ్యలోంచి ఆయన క్యారేజీ ఎత్తిపట్టుకుని నడిచారు. దానికి తీగ. తీగకి సీసం. సీసానికి ముద్ర. భార్య పనిలో ఉండి, తలెత్తకుండానే అంది.

"జాగ్రత్తండీ. దారిలో ఎవరూ తెరవకుండా చూసుకోండి."

"ఆఫీసులో అందరి ముందే తెరుస్తాను. లోపల ఏముందో అందరూ చూడాలి," అన్నారాయన గర్వంగా. గుమ్మం దాటుతూ మరో మాట కలిపారు. "మీ అమ్మగారి చేతివాటం ఇక సాగదని చెప్పు."

ఇవి మొగుడూ పెళ్లాం మాటలు. బీన్సు గురించి. కానీ వింటున్నవాళ్లకి బీన్సు కనపడవు కదా. వాళ్లకి కనపడింది తూనికల ఇన్‌స్పెక్టరు, సీలు వేసిన డబ్బా, తలొంచుకున్న కొట్టు యజమానురాలు. హెడ్‌మిస్ట్రెస్ చేతిలో ఉన్న బన్నుని కాసేపు కన్నార్పకుండా చూసి, మెల్లగా పళ్లెంలో తిరిగి పెట్టేసింది.

ఎదుటి సెలూన్ ఆయన అద్దంలోంచి ఇదంతా చూశాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఆయన నోట్లో పడితే పొట్టి పొడుగవుతుంది. కుర్చీలో కూర్చున్నాయన గడ్డానికి సబ్బు పట్టించేటప్పటికి వార్త, బేకరీలో తూకం తక్కువట అని. కత్తి సానపట్టేసరికి పిండిలో సుద్ద కలుస్తోందట అని. గడ్డం పూర్తయ్యేసరికి, కట్టుకున్న పెళ్లామని కూడా చూడకుండా మొగుడే పట్టుకున్నాడట, రేపో మాపో విడాకులట అని. గడ్డం నున్నగా దిగింది. వార్తకి మాత్రం మీసాలతో సహా మొలిచింది.

మధ్యాహ్నం అవకముందే కొట్లో ఈగలు తప్ప గిరాకీ లేదు. ఆపైన హెడ్‌మిస్ట్రెస్ దగ్గరనుంచి ఫోను. కేకుల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఇంటి సంగతి చక్కబెట్టుకోండి, నాకైతే మీ మీద జాలిగా ఉందమ్మా అని. భార్యకి తల తిరిగింది. తమ ఇంట్లో చక్కబెట్టుకోవాల్సిన సంగతి ఏముందో ఇంట్లోవాళ్లకి తెలియకపోవడం మరీ అన్యాయం. వెంటనే ఆయనకి ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు.

ఎత్తే స్థితిలో లేరు. పై అధికారి గదిలో నిలబడి ఉన్నారు. సెలూన్ వార్త నడుచుకుంటూ ఆఫీసు దాకా వచ్చేసింది. పై అధికారికి సీలు ప్రాణం. సీలుకీ శీలానికీ ఒక్క అక్షరమే తేడా అని ఆయన ప్రతి సమావేశంలోనూ చెబుతారు. ఎలా ఒక్కటో ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ తలూపుతారు. ప్రభుత్వ సీలుని సొంతానికి వాడినవాడిని కిందటేడే ఉద్యోగం తీసేసి ఇంటికి పంపించారు.

"సొంత ఇంటి మీదే దాడి చేశావా?" అన్నారాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా సర్వీసులో నీలాంటివాడిని చూడలేదయ్యా."

టేబుల్ మీద క్యారేజీ ఉంది. అది నా భోజనం సార్ అంటే ఉద్యోగం పోతుంది. అనకపోతే పెళ్లాం కొట్టు పోతుంది. జీవితమంతా తూకాలు వేసిన మనిషి ఆ రెండిటినీ రెండు పళ్లేల్లో పెట్టి చూశారు. ముల్లు కదల్లేదు. ముల్లు కదిలేలోగా పై అధికారి కదిలారు. ఇంత నిజాయితీ ఈ గదిలో పడి ఉండకూడదనీ, నలుగురి ముందూ ఆ కొట్టు తనిఖీ చేసి, ఆ డబ్బా అక్కడే తెరవాలనీ నిర్ణయించి, జీపు రప్పించారు.

జీపు బేకరీ ముందు ఆగేసరికి వీధంతా అక్కడే ఉంది. సెలూన్ ఆయన ఒకాయన్ని సగం గడ్డంతో వదిలేసి వచ్చాడు. ఆ సగం గడ్డం ఆయనా వచ్చాడు. కేకులమ్మే కొట్టు ముందు కేకలు మొదలయ్యాయి. హెడ్‌మిస్ట్రెస్ కూడా వచ్చి, సానుభూతికి ఒక అడుగు దూరంలో నిలబడింది.

పై అధికారి కాటా పరీక్షించారు. సరిగ్గా ఉంది. బన్ను తూచారు. చీటీ మీద రాసినదానికంటే ఎక్కువ తూగింది. ఇంకోటి తూచారు. అది మరీ ఎక్కువ. కేకు సంగతి చెప్పనే అక్కర్లేదు. తక్కువ తూచినవాళ్లని పట్టుకోవడం తెలుసు గానీ, ఎక్కువ తూచినవాళ్లని ఏం చేయాలో ఆయనకి తోచలేదు.

"ఏమిటిదంతా?" అన్నారు.

"మా అమ్మ చేయి అంతే సార్. పిండి చిటికెడు తీసెయ్యమంటే గుప్పెడు కలుపుతుంది," అంది భార్య. మొగుడికేసి తిరిగింది. "ఇంతకీ నా కొట్లోంచి మీరు పట్టుకున్నదేమిటండీ? అదొక్కటి చెప్పండి చాలు."

తెల్లవారకముందునుంచీ పొయ్యి ముందు నిలబడ్డ మొహం అది. బుగ్గ మీద పిండి ఇంకా అలాగే ఉంది. వెనకాల అరల్లో బడి కోసం చేసిన కేకులు, అడిగే దిక్కులేక, వరసలుగా కూర్చుని ఉన్నాయి. తూకంగారికి లోపల ముల్లు టక్కున ఒక వైపుకి వాలింది.

"ఏమీ పట్టుకోలేదు," అన్నారు. "సార్, అది నా మధ్యాహ్నం భోజనం. బీన్సు, క్యారెట్టు, గుమ్మడికాయ. మా అత్తగారు వెన్న వేస్తారని నేనే సీలు వేశాను. తప్పంతా నాది. కొట్టుకీ దీనికీ ఏ సంబంధం లేదు."

సీలుకి ప్రాణమిచ్చే మనిషి మొహం సీసంలా మారింది. పటకారు అందుకుని తీగ తెంచి, మూత తీశారు. ఘుమఘుమలాడే వాసన లేచి, ఆయన ముక్కు దగ్గర ఆగి, పలకరించింది. ఆయనా డాక్టరు ఆజ్ఞ మీద ఉడకబెట్టినవే తింటున్నారు, అవి నమిలితే తడిసిన గడ్డిలా ఉంటాయి అన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తెలీదు. రుజువు కోసం అన్నట్టు ఒక బీన్సు నోట్లో వేసుకున్నారు. సాక్ష్యం చాలదన్నట్టు ఇంకోటి వేసుకున్నారు. తర్వాత చెంచా అడిగారు.

"ఇవి ఉత్తి ఉడకబెట్టినవేనా?"

"ఉత్తివే సార్. ఉప్పు తప్ప ఏమీ లేదు. అందుకేగా నేను నెలరోజులుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నది, కూరగాయల అసలు రుచి ఇదీ అని," అన్నారు తూకంగారు. ఉద్యోగం పోయే వేళ కూడా ఆయనకి ప్రచారం మానబుద్ధి కాలేదు.

హెడ్‌మిస్ట్రెస్ ఒక ముక్క అడిగింది. సగం గడ్డం ఆయన రెండు అడిగాడు. సెలూన్ ఆయన అడక్కుండానే తీసుకున్నాడు. క్యారేజీ ఖాళీ అయింది. తూకంగారికి అడుగున అంటుకున్న క్యారెట్టు తునక కూడా మిగల్లేదు. నోళ్లు తుడుచుకుంటూనే జనం ఏకమయ్యారు. ఇంట్లో ఇంత మంచి భోజనం చేసేవాళ్లు కొట్లో చెడ్డ సరుకు ఎలా అమ్ముతారు, ఎవరన్నారసలు ఆ మాట అని సెలూన్ ఆయనే అందరికంటే గట్టిగా అడిగాడు. హెడ్‌మిస్ట్రెస్ కేకులన్నీ బండి ఎక్కించమంది. రేపటినుంచి పిల్లలకీ టీచర్లకీ ఈ కూరగాయల డబ్బాలు కూడా కావాలంది. పక్కనుంచి ఇంకో గొంతు మాకూ అంది. దాని పక్కనుంచి ఇంకోటి.

పై అధికారి చెంచా కింద పెట్టి, పెదాలు రుమాలుతో అద్దుకున్నారు.

"సీలు విషయం నేను మర్చిపోను," అన్నారు. "రేపు నీ డబ్బా మాత్రం సీలు లేకుండా తెచ్చుకో. నాకూ ఒకటి తీసుకురా. డబ్బులిస్తాను, రసీదు కావాలి."

ఆయన రుమాలు మీద నిగనిగలాడే మరక ఒకటి తూకంగారి కంట పడింది. వృత్తిలో ఆరితేరిన కన్ను. మరక మీంచి మెట్ల మీదకి వెళ్లింది చూపు. మెట్ల మీద కూర్చుని అత్తగారు పిండి చేతులు దులుపుకుంటోంది.

"అత్తయ్యగారూ. నేను సీలు వేశాను కదా."

"వేశారు బాబూ. క్యారేజీకి వేశారు," అంది ఆవిడ. "మీరు డాబా మీద గెంతుతున్నంతసేపూ స్టవ్ మీద గిన్నెకి ఎవరు వేశారు? నెలరోజులూ అదే గిన్నె. ఆ పైన వేసిన ముద్ద ఉత్తి మోసపు ముద్ద, మీకు దొరకడానికి వేసింది."

ఆయన నమ్మిన అసలు రుచి, ఆఫీసంతా ఊదరగొట్టిన అసలు రుచి, వెన్నలా కరిగిపోయింది. అయినా తూనికల మనిషి తూనికల మనిషే. వెన్న వేసి, వేయలేదని అమ్మడం కుదరదన్నారు. మర్నాటినుంచి ప్రతి డబ్బా మీదా 'కాస్త వెన్నతో' అని చీటీ అతికిస్తున్నారు. ఆ కాస్త ఎంతో మాత్రం అత్తగారి చేతికే తెలుసు. దాన్ని కొలిచే కాటా ఆ శాఖలో ఇంకా రాలేదు.

భార్య పక్క గది తీసుకుంది. తెల్లారకముందే లేచి గంపలకొద్దీ బీన్సు తరిగే పని తూకంగారికి పడింది. తరగడం, ఉడకబెట్టడం, సర్దడం, చీటీలు అతికించడం అయ్యేసరికి ఆఫీసు వేళ అవుతుంది. ఆయన డబ్బా కూడా ఎవరో కొనుక్కుపోతారు. పరుగున మెట్లు దిగి, నిన్న మిగిలిన బన్నులు రెండు జేబులో వేసుకుని, ఆఫీసు జీపు ఎక్కుతారు. వీధి అంతా ఇంటి భోజనంతో తేలికై నడుస్తుంటే, దానికి కారణమైన మనిషి జీపు ఎక్కగానే జీపు ఒక పక్కకి ఒరుగుతుంది.

ఇంట్లో బరువు చూసుకునే కాటాకి మాత్రం ఇప్పుడు ఎవరూ ఎక్కి చూసుకోకుండా సీలు వేసి ఉంది.