తాజా అని ధ్రువీకరించడమైనది

లోకంలో చేపలు రెండు రకాలు: సంతకం ఉన్నవి, సంతకం లేనివి. మొదటి రకం ఎప్పటికీ కుళ్ళవు.

మా పై వాటాలో ఉండే గిరిధర్, హైదరాబాద్ నాచారంలో ఒక చేపల ప్యాకింగ్ కంపెనీలో నాణ్యత తనిఖీదారు. పెట్టె మూత తెరిచి, చేపను చూసి, 'తాజా' స్టిక్కర్ మీద సంతకం చేయడం ఆయన ఉద్యోగం. గంటకు మూడు వందల పెట్టెలు దాటించాలని యాప్ ఆదేశం కనుక మూత తెరిచే తీరిక ఉండదు, సంతకానికి మాత్రం ఉంటుంది. (మూత తెరిస్తే చల్లదనం పోతుంది, చల్లదనం పోతే చేప పాడవుతుంది అని సర్క్యులర్ కూడా ఉంది. కాబట్టి చూడకపోవడమే నాణ్యత.)

ఏడాది పొడుగునా ఒక్క పెట్టెనైనా వెనక్కి పంపనందుకు కంపెనీ ఆయనకు 'సున్నా తిరస్కరణ పురస్కారం' ప్రకటించింది. బహుమతి: సముద్రం నడుమ కొబ్బరిచెట్ల ప్రైవేటు దీవిలో ఇద్దరికి మూడు రోజుల చేపల వేట. భార్య హిమజకు పడవ పేరెత్తితేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని తల్లి మల్లవ్వను బయలుదేరదీశాడు.

"నడుమ మిరుగం వస్తది గద బిడ్డా?" అంది మల్లవ్వ. మృగశిర కార్తె నాడు చేప తినకపోతే ఆ ఏడంతా ఒంట్లో బాగుండదని ఆమె నమ్మకం. డెబ్బై ఏళ్ళలో ఒక్క మిరుగం తప్పలేదు. కరోనా ఏడు కూడా గేటు సందులోంచి బొచ్చె చేప కొన్న మనిషి.

"సముద్రంల ఉంటమే అమ్మా, చేపలకేం కరువు?" అన్నాడు గిరిధర్.

మిరుగం నాడు పొద్దున్నే మల్లవ్వ గాలానికి మూరెడు చేప పడింది. మొప్పలు ఎత్తి చూసింది. ఎర్రగా ఉన్నాయి.

"పులుసుకు మస్తుగుంటది. చింతపండు ఉన్నదా బిడ్డా?"

అడిగింది మత్స్యానుభవ అధికారి హృషికేశ్‌ని. అంబర్‌పేట నుంచి వచ్చి ఆ దీవిలో కొలువు చేస్తున్నాడు.

"పెద్దమ్మా, పట్టుడు వరకే మనది. మళ్ళ నీళ్ళల్ల ఇడిసిపెట్టాలె. రూలు."

"ఎందుకు ఇడువాలె?"

"నాలుగున్నరకు దానికి ఇంకో గెస్టుతోని బుకింగ్ ఉన్నది."

"మరి పట్టుడెందుకు?"

"అనుభవం కోసం."

"అనుభవాన్ని ఏ గిన్నెల వండాలె?" అంది మల్లవ్వ. హృషికేశ్ ఏడో నంబరు ఫారం నింపి, చేపకు ఫొటో తీసి, కలిగిన అసౌకర్యానికి దానికి క్షమాపణ చెప్పి వదిలేశాడు. (మల్లవ్వకు క్షమాపణ చెప్పే ఫారం ఇంకా ముద్రణలో ఉంది.)

అయినా ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక, మధ్యాహ్నం తనే వేపుడు ముక్క వడ్డించాడు. దీవి చుట్టూ ఉన్న చేపలన్నీ అనుభవ విభాగం కిందికి వస్తాయి. తినే చేపలు విమానంలో వస్తాయి.

"ఫుల్ తాజా పెద్దమ్మా, మన హైదరాబాద్ సరుకే. సంతకం సూడు!" అంటూ పెట్టె చూపించాడు.

తోక పొడుగ్గా లాగిన ఆ సంతకం తనదేనని గిరిధర్ గుర్తుపట్టాడు. జీవితంలో మొదటిసారి దాన్ని తినేవాడి వైపు నుంచి చదివాడు.

"తలకాయేది? మొప్పలు ఎట్ల సూడాలె?"

"తల తీసేసి పంపుతరు. సంతకం జేసినాయన సూసే ఉంటడు."

మల్లవ్వ కొడుకు వైపు తిరిగింది. "సూసుంటడారా?"

"సూసే ఉంటడమ్మా," అన్నాడు గిరిధర్. అని, తనకు పెరుగన్నం తెమ్మన్నాడు.

మల్లవ్వ ఆ పెరుగన్నం వంక చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మిరుగం పాయెరా," అంది. వేపుడు ముక్క పట్టుకుని ఒడ్డు దాకా నడిచి, సముద్రంలో వేసేసింది. కొడుకు మొహం మాత్రం చూడలేదు.

హృషికేశ్ ఫారం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నీళ్ళలోకి వెళ్ళిన ప్రతి చేపకూ కాగితం ఉండాలి. 'వదిలేటప్పుడు చేప పరిస్థితి' అన్న గడిలో 'తాజా' అని రాసి, "సాక్షి సంతకం జెయ్యన్నా," అన్నాడు.

గిరిధర్ చేశాడు. అలవాటు ప్రకారం, చూడకుండానే.