ఐజాక్ గారి రెండో మునక

పెళ్లయి నెల తిరగని రేచల్‌కు ఆ ఉదయం ఉన్న పథకం చాలా చిన్నది. మావగారు ఐజాక్‌ను శంకర్ నగర్‌లోని ఫిజియోథెరపీ సెంటర్‌కు తీసుకెళ్లి అక్కడి కొలను నీళ్లలో నడిపించాలి. వచ్చే దారిలో ఇద్దరూ వేడి జిలేబీ తినాలి. పక్షవాతం వచ్చాక ఆయన కుడికాలు మొరాయించింది. నీళ్లలో ఒంటి బరువు తేలికవుతుంది. అక్కడ గట్టు పొడవునా పట్టుకోడానికి బిగించిన కమ్మీ వదిలి నడిస్తే నేలమీదా నడక వస్తుందని డాక్టరు మాట. కానీ ఈ హిందీ ఊళ్లోనే రైల్వే గార్డుగా రిటైరైన ఐజాక్ ఆ కమ్మీని వదిలితేగా!

ముందు నిక్కరు దగ్గరే పేచీ వచ్చింది.

"కోడలి ముందు చెడ్డీతోనా? నహీ హోగా, నావల్ల కాదు!" అన్నాడాయన.

చివరికి చర్చికి వేసుకెళ్లే తెల్ల లాల్చీ పైజమాతోనే నడుంలోతు నీళ్లలో దిగాడు. ఫిజియోథెరపిస్టు మాలతి ఒక చేయి ఆయన వీపుకు ఆనించి, రెండో చేయి పైకెత్తి, "ఆయియే అంకుల్, ధీరే ధీరే" అంటూ మెల్లగా రమ్మంది. ఐజాక్ భయంతో కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రేచల్‌కు ముచ్చటేసింది. ఫోటో తీసి, గుండె బొమ్మలు జోడించి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది.

తెల్లబట్టలు, నీళ్లు, మూసిన కళ్లు, పైకెత్తిన చేయి. అచ్చం నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మంలాగే ఉంది. రైల్వే కాలనీలోని తెలుగు బాప్టిస్టులకు ఇంకేం కావాలి? ఐజాక్ తమ సంఘం వదిలేసి, భన్‌పురిలో కొత్తగా వెలిసిన ప్రార్థన మందిరంలో చేరి, మళ్లీ బాప్తిస్మం తీసుకుంటున్నాడని తేల్చేశారు. ఇచ్చేది ఆడ పాస్టరు కూడానూ!

సంఘం పాస్టరు ఎలీషా కంగారుగా ఐజాక్ ఇంటికి ఫోన్ చేస్తే, ఐజాక్ భార్య ఎస్తేరు ఎత్తింది. అన్న నీళ్లలో దిగుతున్న మాట నిజమేనా అని అడిగాడు.

"అవునయ్యగారూ, శంకర్ నగర్‌లో నీళ్లలో దిగుతున్నారు. మా కోడలే పట్టుబట్టింది. మీ ఆశీర్వాదం కావాలి" అంది సంతోషంగా.

కాసేపటికి పాస్టరు స్కూటరు, చర్చి స్త్రీల సమాజం ఎక్కిన ఆటో ఒకేసారి సెంటరు ముందు ఆగాయి.

"అన్నా, ఒక్కసారి మునిగింది చాలలేదా? మేమేం తక్కువ చేశాం?" అన్నాడు ఎలీషా గద్గదంగా.

"నేనేం చేశానయ్యా?" కమ్మీ పట్టుకునే అడిగాడు ఐజాక్.

"ఇంకా అడుగుతున్నాడు చూడు!" సమాజం పెద్ద పైడమ్మ ముక్కు చీదింది. "కోడలొచ్చి నెల కాలేదు, అప్పుడే మావని అటు లాగేసింది!"

రేచల్ అడ్డొచ్చింది. "అయ్యో ఆంటీ, ఇది కసరత్తు!"

"కసరత్తుకి తెల్లబట్టలెందుకే?"

చెడ్డీ సంగతి చెబితే మావగారి పరువు పోతుంది. రేచల్ ఆయన తువ్వాలు మడత పెట్టడంలో పడింది.

"పైకి రా అన్నా" అంటూ ఎలీషా వంగి చేయి చాచాడు. తడి గచ్చు, తోలు బూట్లు. మరుక్షణం దభీమని నీళ్లలో ఉన్నాడు. నిలబడితే నీళ్లు నడుం దాటవని తోచక, "కాపాడండి!" అంటూ చేతులు కొట్టుకోసాగాడు.

మాలతి కదిలేలోపే ఐజాక్ కమ్మీ వదిలేశాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, నీళ్లను తోసుకుంటూ, అడుగు మీద అడుగేసి వెళ్లి, పాస్టరును చంకలో చేయి వేసి లేపాడు.

"మావయ్యా, నడిచేశారు!" రేచల్ గట్టుమీద గంతులేసింది. పైడమ్మ ఏడుపు ఆగలేదు గానీ, ఇప్పుడది వేరే ఏడుపు.

"అయ్యగారూ," అన్నాడు ఐజాక్ రొప్పుతూ, "నా జుట్టు చూడండి, పొడిగానే ఉంది. రెండోసారి మునిగింది మీరు."

ఆ ఆదివారం ప్రసంగం ఇతరులకు తీర్పు తీర్చకూడదన్న విషయం మీద సాగింది. అంత చిన్న ప్రసంగం ఆ చర్చిలో ఎవరూ ఎన్నడూ వినలేదు.