దఫేదారు సిద్ధయ్య పింఛను ముహూర్తం

ఆఫీసు బంట్రోతులకు పెద్దయిన దఫేదారు సిద్ధయ్యకు రిజిస్టరు ప్రకారం యాభై మూడేళ్ళు. కొలువులో చేరేనాడు ఏడేళ్ళు మింగి చెప్పాడన్న సంగతి ఆయనకూ, భార్య శీనమ్మకూ, పైనున్న దేవుడికీ తప్ప ఆత్మకూరులో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున సద్ది తింటూ ఇద్దరూ తగువుకు దిగారు.

"ఏమయ్యా, పింఛను ఇప్పుడే తీసుకో. కాళ్ళాడేటప్పుడే పెంచలకోన పోయి నరసింహసామిని చూసొద్దాం. ముప్పై ఏళ్ళుగా రేపు రేపంటా ఉండావు."

"రెండేళ్ళు ఓపిక పట్టుమే. యాభై అయిదు నిండితే పింఛను పెరగతాది. నీకోసమే గదా!"

"ఈలోపల నీకేమన్నా అయితే, పెరిగిన పింఛను నేనేం చేసుకునేది? ఊరగాయ పెట్టుకునేదా?"

ఎంతకీ తెగక, పురోహితుడు సుందరరామయ్య ఏ రోజు మంచిదంటే ఆ రోజే అర్జీ పెట్టాలని ఒప్పందానికొచ్చారు. శీనమ్మ పోయి ఇద్దరి నక్షత్రాలూ, పుట్టిన సంవత్సరాలూ చెప్పి, "మా ఇద్దరికీ కలిసొచ్చే రోజు చూడు సామీ" అంది. పింఛను మాటెత్తలేదు. ఇంటి గుట్టు కదా!

సుందరరామయ్య వేళ్ళు మడిచాడు. సిద్ధయ్య పుట్టింది విజయ నామ సంవత్సరం. అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ విజయే నడుస్తోంది. 'ఇది షష్టిపూర్తికే' అనుకుని, "బుధవారం పొద్దున తొమ్మిదికి" అని శీనమ్మను పంపేసి, ఎదురుపడిన ప్రతివాడికీ ఆ శుభవార్త చెప్పాడు.

బుధవారం సిద్ధయ్య అర్జీ జేబులో పెట్టుకుని తలుపు తీస్తే, వాకిట్లో పందిరి! ఉదయగిరి మేళం చెవులు చిల్లులు పడేలా వాయిస్తోంది. వరికుంటపాడు నుంచి బావమరిది పెంచలయ్య రెండు బండ్ల గుమ్మడికాయలు దించుతున్నాడు.

"అరవై నిండితే మాకొక మాట చెప్పవా బావా?"

"గట్టిగా అరవబాకరా!" అని సిద్ధయ్య అనేలోపే ఆయన పైఆఫీసరు మల్లికార్జునం సైకిలు దిగాడు.

"ఎవరికిరా అరవై?"

సిద్ధయ్య జేబు మీద చెయ్యేసుకున్నాడు. రిజిస్టరులో అబద్ధం బయటపడితే పింఛనే గల్లంతు. "నాక్కాదు దొరా, మా ఆడదానికి!"

శీనమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "నాకు అరవయ్యా? నాకంటే పదేళ్ళు పెద్దోడివి గదయ్యా నువ్వు!"

తెల్లారినప్పుడు యాభై మూడున్న సిద్ధయ్య తొమ్మిది కొట్టేసరికి డెబ్బైకి చేరాడు.

మల్లికార్జునం ఆయన్ని చెయ్యిపట్టి గొడ్లచావిడి వెనక్కి లాక్కుపోయాడు.

"ఒరే, జేబులోంచి తొంగిచూస్తా ఉండే ఆ పింఛను అర్జీ ఇప్పుడే ఇటియ్యి. ఈ మేళం నెల్లూరుదాకా వినపడితే నీ రిజిస్టరు తీస్తారు. నీది తీసినోళ్ళు నాది వదులుతారా?"

"తమరిది దేనికి దొరా?"

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. "నేనూ విజయలోనే పుట్టినాను రా."

సిద్ధయ్య అర్జీ ఇచ్చేసి, బుద్ధిగా పోయి పీటమీద కూర్చుని, శీనమ్మ మెడలో మళ్ళీ తాళి కట్టాడు. "ఎల్లుండే పెంచలకోన" అన్నాడు చెవిలో. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పొగ అంది.

మరునాడు గుమాస్తా ఇంటికే వచ్చి, పింఛను కాగితంలో భార్య వయసెంతని అడిగాడు. "నలభై, రాసుకో" అంది శీనమ్మ.

వాళ్ళ పెద్దకూతురికి ఆ ఏడు ముప్పై మూడు నిండాయి.