దాలయ్యపేటలో నీటి పొదుపు వారోత్సవం

నరసన్నపేటలోని బ్రైట్ హిమాలయా ఇంగ్లిష్ మీడియం స్కూలు విద్యార్థులు ఈ ఏడాది స్వచ్ఛందంగా సమాజసేవ చేయాలని యాజమాన్యం ఆదేశించింది. సేవాసంఘానికి తొమ్మిదో తరగతి పద్మకుమారిని అధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆ సంగతి పద్మకుమారికి ప్రార్థన సమయంలో మైకు ద్వారా తెలిసింది.

అధ్యక్షురాలిలో ఒకే ఒక్క లోపం ఉంది. పెద్దలు చెప్పిన మాట నిజమని నమ్మేస్తుంది. సేవ అనగానే ఎవరికి ఏం కావాలా అని ఆలోచించింది. ఆమె పక్కన కూర్చునే దేవి, సముద్రం ఒడ్డున ఉన్న దాలయ్యపేట నుంచి స్కూలు బస్సులో వస్తుంది. ఆ పల్లెకంతటికీ ఒకటే బోరింగు. దాని హేండిల్ దసరాల్లో విరిగింది. అప్పట్నుంచీ ఆడవాళ్లు పక్క ఊరికి నడిచి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొస్తున్నారు.

"ఆ బోరింగు బాగుచేయిద్దాం సార్" అంది పద్మకుమారి.

కరస్పాండెంట్ ధనరాజ్ గారు చలించిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత చిన్న పనిని ఎంత పెద్దగా చేయవచ్చో ఆయనకు ఆ క్షణంలోనే తోచింది.

నిధుల సేకరణకు స్కూలు ఆవరణలో ఆహారోత్సవం జరిపారు. తల్లులు గారెలు, పులిహోర వండి పంపించారు. సాయంత్రం ఆ తల్లులే వచ్చి, తాము పంపినవి తామే కొనుక్కుతిని, రుచిగా ఉన్నాయని పరస్పరం అభినందించుకున్నారు. నిధి బాగానే పోగయింది. షామియానా, మైకుసెట్టు, డ్రోన్ కెమెరా, ముఖ్య అతిథికి గజమాల అన్నీ అందులోంచే వచ్చాయి. 'నీరే ప్రాణం' అని ఒక ఫ్లెక్సీ కూడా వేయించారు. అందులోని ధనరాజ్ గారి బొమ్మ భుజం పక్కనుంచి వంగి చూస్తే ఆ అక్షరాలు కనబడేవి. ఇవన్నీ పోగా ఏమీ మిగల్లేదు కనుక, దాలయ్యపేట ప్రజలకు అవగాహన కల్పించాలని తీర్మానించారు.

అలా నీటి పొదుపు ర్యాలీ బయలుదేరింది. మండుటెండలో పద్మకుమారి ముందు నడుస్తూ "నీటిని!" అంటే, వెనకనున్న పిల్లలు "పొదుపు చేద్దాం!" అని అరిచారు. పక్క ఊరి నుంచి నెత్తిన బిందెలతో వస్తున్న ఆడవాళ్లు మర్యాదగా దారి ఇచ్చారు. వాళ్లకు కరపత్రాలు ఇవ్వబోయారు కానీ, వాళ్ల చేతులు ఖాళీగా లేవు. పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయాలని, షవరు కింద ఎక్కువసేపు నిలబడరాదని, కారు కడగడానికి పైపు వాడొద్దని మైకులో విజ్ఞప్తి చేశారు. ఊరు శ్రద్ధగా విన్నది.

దేవి నాయనమ్మ కూర్మమ్మ మాత్రం బిందె దింపి అడిగింది. "ఏటి పాపా, నీల్లు పొదుపు సెయ్యమంతన్నారు. సెయ్యాలంటే ముందు నీల్లుండాల కదేటి?"

ఈ ప్రశ్న కరపత్రంలో లేదు. పద్మకుమారి రెండో వైపు తిప్పి చూసింది. ఈలోగా వెనక ఒక పిల్ల కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. మంచినీళ్ల కేన్లు స్కూల్లోనే మరిచిపోయారని అప్పుడు తెలిసింది.

"మొకాలు సూడు, ఎలా కందిపోనాయో! ఇలా రండర్రా" అని కూర్మమ్మ గ్లాసు ముంచింది. మిగతా ఆడవాళ్లూ బిందెలు దింపారు. నీటి పొదుపు ర్యాలీ ఆ ఊరి నీళ్లన్నీ తాగేసింది. పద్మకుమారి రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకుంటూ చూసేసరికి, దేవి తల్లి ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చిన దారినే మళ్లీ వెళుతోంది.

"మళ్లీ ఎల్తన్నారా అత్తా?"

"ఎల్లకపోతే కూడెలా వొండుతాం తల్లీ?" అందామె, నవ్వుతూనే.

తిరుగు ప్రయాణంలో పద్మకుమారి ధనరాజ్ గారి దగ్గరికి వెళ్లి "బోరింగు మాటేటి సార్?" అంది.

"చూడమ్మా, బోరింగు ఒక పల్లెకే నీళ్లిస్తుంది. అవగాహన తరతరాలకు ఇస్తుంది" అని ఆయన సెలవిచ్చారు. బస్సులోని టీచర్లందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాటి సాయంత్రం తొమ్మిదో తరగతి వాళ్లు ఎవరికీ చెప్పకుండా బస్టాండులో జంతికలు అమ్మారు. మైకు లేదు, ఫ్లెక్సీ లేదు, గజమాల అసలే లేదు. ఇంత అనాగరికంగా జరిపినా ఒక హేండిల్‌కు సరిపడా వచ్చింది. ఆదివారం దేవి తండ్రి నాగబాబు దాన్ని బిగించాడు. బోరింగు రెండుసార్లు దగ్గి, నీళ్లు కక్కింది. పద్మకుమారీ దేవీ ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుని, పొదుపు సూత్రాలన్నీ ఉల్లంఘించారు.

ఫొటో తీయకుండా సేవ జరిగిపోయిందన్న వార్త వినగానే ధనరాజ్ గారు హతాశులయ్యారు. వెంటనే ప్రారంభోత్సవం నిశ్చయించి, ముఖ్య అతిథిని మళ్లీ ఆహ్వానించారు. ఆ పెద్దమనిషి వృత్తి ఏమిటో ఎవరికీ తెలియదు. ముఖ్య అతిథిగానే అందరికీ పరిచయం.

ఆ రోజు తెల్లవారగానే బోరింగుకు ఎర్ర రిబ్బను కట్టారు. అతిథి వచ్చేదాకా ఎవరూ ముట్టరాదన్నారు. ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. ఎండెక్కింది. ఆయన దారిలోనే ఉన్నారని గంటగంటకూ మైకులో ప్రకటించారు. పద్మకుమారి చేతిలో పళ్లెం, పళ్లెంలో కత్తెర.

"ఒలే అమ్మీ, ఆ గుడ్డపీలిక ఎప్పుడు తీస్తారే? ఎసరు పెట్టాల" అంది కూర్మమ్మ.

పద్మకుమారి ఒకసారి రోడ్డు వైపు చూసింది. కత్తెర తీసి రిబ్బను కత్తిరించేసింది.

"అమ్మాయ్! అది అతిథిగారు కత్తిరించాలి!" అని ధనరాజ్ గారు అరిచారు.

"ఇంకో ముక్క ఉంది సార్" అని అది ఆయన చేతిలో పెట్టి, హేండిల్ పట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది.

బిందెలు నిండాక అతిథి వేంచేశారు. ముక్కలు ముడేసి మళ్లీ కట్టారు, ఆయన మళ్లీ కత్తిరించారు. ఫొటో సహజంగా రావాలి కాబట్టి బిందెలు ఒంపేసి, దాహంగా వరసలో నిలబడమని ఊరి వాళ్లను కోరారు.

"పిల్లలు తాగుతామంటే ఇచ్చినాను. ఫొటో తాగుతాదంటే ఇయ్యను" అని కూర్మమ్మ బిందె నెత్తికెత్తుకుని ఇంటికెళ్లిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్లారు. గత్యంతరం లేక ఇద్దరు టీచరమ్మలకు నేత చీరలు కట్టించి, కొత్త ప్లాస్టిక్ బిందెలిచ్చి నిలబెట్టారు. క్రమశిక్షణ లేనందుకు పద్మకుమారిని పదవి నుంచి తొలగించారు. ఆ సమయంలో ఆమె కూర్మమ్మ ఇంట్లో చేపల పులుసుతో అన్నం తింటోంది.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. 'దాలయ్యపేట దాహం తీర్చిన దాత' అన్న శీర్షికతో వాట్సాప్‌లో జిల్లా అంతా తిరిగింది. దసరాల నుంచి ఆ పల్లె ఏం తాగిందని ఒక్కరూ అడగలేదు. ఫొటో కింద వేలకొద్దీ దండాల బొమ్మలు పడ్డాయి. అందులో మీదీ ఒకటుంది. పొద్దున్నే గుడ్ మార్నింగులతో కలిపి పెట్టేశారు కనుక మీకు గుర్తుండకపోవచ్చు.