పొయ్యి ముట్టించని శనివారం

“ఎండకాలం గుట్టలెక్కుడేందే? బండలు పెనం లెక్క కాలుతుంటయి. వానలు పడనీ, పోదాం,” అన్నాడు సాంసన్, అప్పటికి మూడోసారి.

“వానలు పడ్డంక జనగామంత గాడనే ఉంటది. అండ్ల సగం మన సుట్టాలే. ఎవ్వరు లేనప్పుడే పోవాలె,” అంది సౌందర్య, చపాతీ పిండి మీద కసి తీర్చుకుంటూ.

బడులకు సెలవులు. పిల్లలు కొడకండ్లలో అమ్మమ్మ దగ్గరున్నారు. సాంసన్ జిరాక్సు సెంటరులో ఈగలదే గిరాకీ. కాబట్టి తీరిక లేదనే మాట చెల్లలేదు. భూపాలపల్లి వైపు పాండవుల గుట్టలు చూడాలి, దారిలో పరకాలలో బిర్యానీ తినాలి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి. నిజానికి సౌందర్యకు గుట్ట ఒక సాకు. ఒక్క రోజు తను పొయ్యి ముట్టించకుండా, ఎవరో వండింది ఎవరో వడ్డిస్తే కూర్చుని తినాలి. అదీ కోరిక.

“శనివారం గుట్టకు పోతున్నం, అత్తమ్మా,” అని చెప్పింది.

సాలమ్మ చేతిలో చాట ఆగిపోయింది. “గీ ఎండలనా?”

“మనసు జర నిమ్మళమైతదని.”

ఈ ఎండలో సరదాకు గుట్ట ఎక్కే మనిషిని సాలమ్మ పుట్టి ఎరగదు. ఎక్కితే ప్రార్థనకే ఎక్కాలి. అంత పెద్ద ప్రార్థన ఉందంటే, అంత పెద్ద కష్టమేదో కోడలు కడుపులో దాచుకుందన్నమాట. ఆమె కళ్లు తుడుచుకుని పాస్టరుగారికి ఫోన్ చేసింది.

సాయంత్రానికి ఆయనే వచ్చారు. “ఏం కష్టమని నేనడగ బిడ్డా. గుట్టెక్కుతున్నవంట, సంతోషం.”

సౌందర్య తెల్లబోయింది. “కష్టమేం లేదయ్యగారూ. ఆ ఒక్క దినం పొయ్యి ముట్టియ్యొద్దనుకున్న, గంతే.”

“ఉపవాసం గూడనా!” ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

వెనక సాలమ్మ ముక్కు చీదింది. “ఇసొంటి కోడల్ని ఇన్నొద్దులు నోటికొచ్చినట్టు అన్ననయ్యా!”

పెళ్లయినప్పటి నుంచి అత్త నోట వచ్చిన మొదటి మెప్పు అది. కాదనడానికి సౌందర్యకు నోరు రాలేదు.

శనివారం పొద్దున, ఇద్దరికని మాట్లాడిన కారు పోయి, వాకిట్లో రెండు తుఫాన్ జీపులు నిలిచాయి. వాటి నిండా తెల్లబట్టల్లో సంఘం. పాస్టరుగారు అడగనన్న కష్టాన్ని అందరూ తలా ఒకలా ఊహించుకున్నారు. కేసముద్రం నుంచి రైలెక్కి వచ్చిన మేనత్త సాంసన్ రెండు చేతులూ పట్టుకుంది. “పానం పైలం కొడుకా. డాక్టర్లు అన్నయన్ని నిజమైతయా?”

“నాకేమైందే?” అని సాంసన్ భార్య చెవిలో అడిగాడు.

“నాకేమెర్క? నువ్వు మాత్రం నవ్వకు.”

పరకాలలో ఆ హోటలు వాళ్లు సరిగ్గా అప్పుడే బిర్యానీ డేగిసా మూత తీశారు. జీపులో పాట అందుకున్నారు. సౌందర్య మెడ తిరిగినంత మేర తిప్పి, హోటలు కనుమరుగయ్యేదాకా చూసింది. పక్కనున్న సాలమ్మ పాట మధ్యలో ఆపి కోడలి మెడ వైపు చూసింది.

గుట్ట మీద ఒక బండ నీడన ప్రార్థన మొదలైంది. చాయ కూడా తాగని సాంసన్, మిట్టమధ్యాహ్నం లేచి నిలబడబోయి కళ్లు తిరిగి కూలబడ్డాడు. “సూసిన్రా!” అని మేనత్త గొల్లుమంది. దాంతో ప్రార్థన రెట్టింపయింది.

పొద్దుగూకాక జీపులు తిన్నగా సౌందర్య వాకిట్లోనే ఆగాయి. ఉపవాసం పట్టినవాళ్ల ఇంట్లోనే అందరూ దాన్ని విడవాలట. దిగుతున్న జనాన్నీ, అటక మీది పెద్ద గిన్నెలనూ చూసి సౌందర్యకు నిజంగానే ఏడుపొచ్చింది.

“కష్టంల ఉన్న పిల్లతోని వండిపిస్తమానే? నువ్వు కూసో,” అని మేనత్త కొంగు బిగించింది. ఆడవాళ్లు వాకిట్లో మూడు రాళ్లు పెట్టారు. బగారన్నం, కోడికూర. మొదటి పళ్లెం సౌందర్యకే. వడ్డించింది సాలమ్మ.

సౌందర్య కలిపిన ముద్దను మళ్లీ పళ్లెంలోనే పెట్టింది. “అత్తమ్మా, నిజంగ నాకు ఏ కష్టం లేదు…”

“పరకాల కాడ నీ మెడ సూసినప్పుడే ఎర్కైంది, తిను,” అంది సాలమ్మ గొంతు తగ్గించి. “మా అత్త బతికున్నన్నొద్దులు నేను వారం వారం ఉపవాసముంటి. ఆకలైతే అయింది, పొయ్యి తప్పేది.”

మర్నాడు పిల్లలూ వచ్చారు. ఇంటిల్లిపాదీ చాయ తాగుతుండగా సాలమ్మ కప్పు ఊదుకుంటూ మెల్లగా చెప్పింది. “ఇగ నెలకొక్క శనివారం నేను, కోడలు గుట్టకు పోతం. ఇద్దరమే. ఆ దినం ఇంట్ల పొయ్యి ముట్టది.”

ఏం కష్టమని ఎవరూ అడగలేదు. సాలమ్మే కోడలి వైపు వంగి అడిగింది: “పరకాలల బస్సు ఎంతసేపు ఆగుతదే?”